పట్టాలు మారే చోటు

2022 జూన్ 17 ఉదయం సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో పార్సిళ్లు, బోగీలు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లా యువకుడొకడు చనిపోయాడు. గంటల తరబడి రైళ్లు కదల్లేదు. అంతకు మూడు రోజుల ముందే కేంద్రం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది. సైన్యంలో నాలుగేళ్ల కొలువు, ఆ తర్వాత నాలుగో వంతు మందికే కొనసాగింపు అన్నది దాని సారాంశం. దానికి నిరసనగా స్టేషన్‌కు వచ్చినవాళ్లలో చాలామంది పాత పద్ధతిలో పరుగు పందెం, దేహదారుఢ్య పరీక్ష, వైద్య పరీక్ష అన్నీ దాటి ఒక్క రాతపరీక్ష కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లు. ఆ రాతపరీక్ష ఇక ఉండదని తేలిపోయింది. ఆ తర్వాత చర్చంతా రెండు విషయాల చుట్టూనే తిరిగింది: పథకం మంచిదా చెడ్డదా, విధ్వంసం వెనుక ఎవరున్నారు? రెండూ అడగాల్సినవే. మూడో ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాలేదు. పదో తరగతో ఇంటరో పూర్తిచేసిన కుర్రాడికి ఇరవై ఏళ్లకే వేరే దారి ఏదీ కనబడకుండా ఎలా పోయింది? ఒక్క రాతపరీక్ష రద్దయితే బతుకే రద్దయినట్టు అనిపించేలా ఐదారేళ్ల చదువును, శ్రమను మనం ఎలా పేర్చాం?

ఇది సైన్యం ఒక్కదాని సంగతి కాదు. ఆ స్టేషన్‌కు కూతవేటు దూరంలోనే, 1966 అక్టోబర్ 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం ఉంది. చిలకలగూడ, మెట్టుగూడ, లాలాగూడల్లో మూడు నాలుగు తరాలుగా ‘రైల్వేలో పని’ అన్న మాటకు ఉన్న బరువు ఇంకే కొలువుకూ లేదు. 2019 మార్చిలో రైల్వే దేశవ్యాప్తంగా 1,03,769 లెవెల్-1 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. ట్రాక్ మెయింటెయినర్, పాయింట్స్‌మన్ వంటి కొలువులవి. అర్హత పదో తరగతి లేదా ఐటీఐ. దరఖాస్తులు కోటీ పదిహేను లక్షలు వచ్చాయి. పరీక్ష మొదలైంది 2022 ఆగస్టులో. అంటే పద్దెనిమిదేళ్లకు దరఖాస్తు పెట్టినవాడు ఇరవై ఒకటో ఏట పరీక్ష హాల్లో కూర్చున్నాడు. ఆ మూడేళ్లు అతను చేసిన పనికి మనం పెట్టుకున్న పేరు ‘ప్రిపరేషన్’. డిగ్రీ చదివినవాళ్ల కథ ఇంతకన్నా మెరుగ్గా ఏమీ లేదు. తెలంగాణలో 2022లో వెలువడిన గ్రూప్-1 నోటిఫికేషన్‌కు ప్రిలిమ్స్ రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ రద్దయింది, చివరకు 2024లో కొత్త నోటిఫికేషన్ ఇవ్వాల్సి వచ్చింది. ఎదురుచూసేవాళ్లను సోమరులనడం తేలిక. మరో దారి కనబడనివాడికి, కనబడ్డా అందులోకి మారితే ఇప్పటిదాకా పడ్డ శ్రమంతా సున్నా అయిపోయేవాడికి, ఎదురుచూడటమే తెలివైన లెక్క.

ఈ లెక్క ఎక్కడ మొదలవుతుందో చూడాలంటే ‘హైస్కూలు తర్వాత’ అన్న మాటకు మన దగ్గరున్న అర్థంతో మొదలుపెట్టాలి. చాలా రాష్ట్రాల్లో, సీబీఎస్‌ఈ బడుల్లో, పన్నెండో తరగతి దాకా పిల్లవాడు అదే బడిలో, తెలిసిన టీచర్ల మధ్యే ఉండే వీలుంది. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం 1971 చట్టంతో ఇంటర్మీడియట్‌కు ప్రత్యేకంగా బోర్డు ఏర్పడింది, జూనియర్ కాలేజీ అనే వేరే లోకం స్థిరపడింది. హైస్కూలు పదితో అయిపోతుంది. అందుకే పద్దెనిమిదేళ్లకు తీసుకోవాల్సిన నిర్ణయం మన దగ్గర పదిహేనేళ్లకే తోసుకొస్తుంది. నిజానికి ఇంకా ముందే వస్తోంది. పది పరీక్షలు రాయకముందే జూనియర్ కాలేజీల పీఆర్వోలు ఇళ్లకు ఫోన్లు చేస్తారు, ముందుగా సీటు ‘బ్లాక్’ చేసుకుంటే ఫీజులో రాయితీ అంటారు. ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్‌ఈసీ, ఒకేషనల్, పాలిటెక్నిక్, ఐటీఐ. ఇన్ని దారులున్నాయని ఆ ఫోన్ చేసినవాళ్లు చెప్పరు, చెప్పడం వాళ్ల పనీ కాదు. చెప్పాల్సిన హైస్కూలేమో పది ఫలితాల శాతం ప్రకటించాక ఆ పిల్లలతో తనకు సంబంధం తీరిపోయిందనుకుంటుంది. పిల్లవాణ్ని ఏడెనిమిదేళ్లుగా ఎరిగిన టీచర్‌కు ఈ నిర్ణయంలో మాట లేదు. నెల కిందట పరిచయమైన పీఆర్వోకు ఉంది.

ఎంపీసీ వైపు పరుగును గొర్రెదాటు అనడం సంపాదకీయాల్లో ఆనవాయితీ. ఆ మాట అనేముందు ఒకసారి ఆగాలి. ఎంపీసీ చదివినవాడు తర్వాత కావాలంటే బీకాంలో చేరొచ్చు, బీఏలో చేరొచ్చు, లా ఎంట్రన్స్ రాయొచ్చు, హోటల్ మేనేజ్‌మెంట్‌కు పోవచ్చు. సీఈసీ చదివినవాడు ఎంత మనసు మార్చుకున్నా నేరుగా ఇంజినీరింగ్‌లో చేరలేడు. తలుపులు ఒకవైపే తెరుచుకునే ఇంట్లో, ఎక్కువ తలుపులున్న గదిలో నిలబడటం అమాయకత్వం అనిపించుకోదు. బీటెక్ సంగతీ అంతే. మెకానికల్ చదివి బ్యాంకు పరీక్ష రాయొచ్చు, సివిల్ చదివి గ్రూప్స్ రాయొచ్చు, ఏది చదివినా సాఫ్ట్‌వేర్ వైపు ఒక ప్రయత్నం చేయొచ్చు. రాష్ట్రంలో ఇంజినీరింగ్ సీట్లలో సగానికి మించి కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ బ్రాంచీలే ఆక్రమించడం వెనుక జీతాల మోజుతో పాటు ఈ లెక్క కూడా ఉంది. తల్లిదండ్రులు ఫీజు కట్టి కొంటున్నది సబ్జెక్టును కాదు, రేపు దారి మార్చుకునే వీలును. ఈ సంగతి ఒప్పుకుంటే సమస్య మరో రూపంలో కనబడుతుంది. ‘మీ పిల్లల్ని ఐటీఐకి, పాలిటెక్నిక్‌కు పంపండి, నైపుణ్యం నేర్పించండి’ అని ఎన్ని సభల్లో చెప్పినా జనం చెవికెక్కించుకోరు. అక్కడ చేరితే మళ్లీ మలుపు ఉంటుందన్న నమ్మకం వాళ్లకు లేదు. కావాల్సింది ఉపన్యాసం కాదు, మలుపు. ఈ వ్యాసం వాదన ఇంతే: పది తర్వాత ప్రణాళిక అంటే గమ్యాన్ని ఖాయం చేసుకోవడం అనుకుంటున్నాం. అసలు చూసుకోవాల్సింది ఎక్కిన దారి ఎక్కడెక్కడ మారొచ్చన్నది. ప్రభుత్వం లెక్కపెట్టాల్సిందీ సీట్లను కాదు, ఆ మారే చోట్లను.

చదువు అందడంలో మనం వెనకబడ్డామని ఎవరూ అనలేరు. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2021-22 ప్రకారం 18 నుంచి 23 ఏళ్ల వయసు జనాభాతో పోల్చితే ఉన్నత విద్యలో నమోదు దేశం మొత్తం మీద 28.4 శాతం, తెలంగాణలో 40 శాతం. 2008 నాటి ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం దీనికి ఒక పెద్ద కారణం. కూలిపని చేసేవాళ్ల పిల్లలు ఇంజినీర్లయ్యారు, అది చిన్న విషయం కాదు. ఆ తర్వాతి మెట్టు దగ్గరే కథ అడ్డం తిరిగింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో వెలువరించిన భారత ఉపాధి నివేదిక 2022 నాటి పరిస్థితిని చెబుతూ, పట్టభద్రులైన యువతలో నిరుద్యోగం 29.1 శాతం అంది. చదవడం, రాయడం రానివారిలో అది 3.4 శాతమే. ఈ అంకెల్ని చూసి చదువే దండగ అనేవాళ్లున్నారు. అది అంకెల్ని తప్పుగా చదవడం. అక్షరం రానివాడికి ఖాళీగా కూర్చునే స్తోమత లేదు. ఏ పని దొరికితే ఆ పనికి పోతాడు, ఎంతిస్తే అంత తీసుకుంటాడు, గణాంకాల్లో ఉద్యోగి అవుతాడు. పట్టభద్రుడు తన పట్టాకు తగిన పని కోసం కాచుక్కూర్చుంటాడు. ఆ 29 శాతంలో పెద్ద భాగం పనికిరానివాళ్లు కాదు, పట్టాలు మారే చోటు దొరక్క ఒకే లైనులో నిలిచిపోయిన బండ్లు.

సికింద్రాబాద్‌లో ఈ మాట ఉపమానం కూడా కాదు. ఒక లైను మీంచి ఇంకో లైనుకు బండిని మళ్లించే అమరికను రైల్వేవాళ్లు పాయింట్లు అంటారు. పాయింట్లు లేకపోతే ఎన్ని లైన్లున్నా అది జంక్షన్ కాదు, పక్కపక్కన పడుకున్న ఇనుము. మన విద్యావ్యవస్థలో కాగితం మీద పాయింట్లు చాలానే ఉన్నాయి. ఐటీఐ పూర్తిచేసినవాళ్లు ప్రత్యేక ప్రవేశ విధానం ద్వారా పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. మూడేళ్ల డిప్లొమా పూర్తిచేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లొచ్చు. ఒకేషనల్ ఇంటర్ చదివినవాళ్లు బ్రిడ్జి కోర్సు పాసైతే సాధారణ ఇంటర్ వాళ్లతో పాటు పై చదువులకు పోటీపడొచ్చు. పది తప్పినవాడికి ఓపెన్ స్కూలుంది. ఇవన్నీ ఎక్కడో కావు. మారేడ్‌పల్లిలో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ పాలిటెక్నిక్ ఉంది. బాలానగర్‌లో 1968 నుంచి కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ ఉంది. అచ్చులు, పనిముట్లు తయారుచేసే విద్యలో పది పాసైన పిల్లలకు నాలుగేళ్ల డిప్లొమా చెబుతారక్కడ. లాలాగూడలో నిజాం కాలం నాటి, 1893లో మొదలైన రైల్వే వర్క్‌షాపు ఉంది. అప్రెంటిస్‌లుగా చేరేవాళ్లకు రైల్వే పెట్టే ఎంపికలో పరీక్ష లేదు. పది మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి సగటు చూస్తారు. 2024 డిసెంబర్ చివర దక్షిణ మధ్య రైల్వే ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఇలాంటి అప్రెంటిస్ ఖాళీలు 4,232. అప్రెంటిస్ పూర్తిచేస్తే కొలువు ఖాయం అనుకోకూడదు. లెవెల్-1 నియామకాల్లో వాళ్లకు 20 శాతం వాటా ఉంది, పరీక్ష మాత్రం అందరితో పాటు రాయాల్సిందే. అయినా ఏడాదిపాటు కొంత స్టైపెండ్‌తో, నడుస్తున్న వర్క్‌షాపులో, ఫిట్టరో వెల్డరో ఎలక్ట్రీషియనో పని నేర్చుకుని దేశమంతా చెల్లే సర్టిఫికెట్‌తో బయటికొచ్చే వీలు ఊరిమధ్యే ఉంది. డిఫెన్స్ కోచింగ్ సెంటర్లో గడిచే ఏడాదితో దీన్ని పోల్చి చూడండి. ఆ ఏడాది చివర ఎంపిక కాకపోతే చేతిలో మిగిలేదేమిటి?

అయితే కాగితం మీది పాయింట్లు నేలమీద తుప్పుపట్టి ఉన్నాయి. అన్నింటికన్నా మొండి తుప్పు గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. రీయింబర్స్‌మెంట్ బకాయిలు వేల కోట్లకు పేరుకుపోయాయి. ఏటా కాలేజీలు బంద్ అంటాయి, ప్రభుత్వం కొంత విడుదల చేస్తుంది, మళ్లీ పేరుకుంటాయి. ఈ తగాదాలో కాలేజీ చేతిలో ఉన్న తాకట్టు వస్తువు విద్యార్థి సర్టిఫికెట్. ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదు కాబట్టి నువ్వు కట్టి తీసుకెళ్లు అంటారు. కట్టలేనివాడికి ఇంటర్ మెమో, టీసీ, డిప్లొమా మెమో అందవు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా కౌన్సెలింగ్ తేదీ నాటికి కాగితం చేతికి రాకపోతే ఆ నోటిఫికేషన్ ఏ పనికొస్తుంది? ఈసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకున్న డిప్లొమా కుర్రాడు ధ్రువపత్రాల పరిశీలన రోజున వట్టి చేతులతో నిలబడితే, అతనికి ప్రభుత్వమే చూపించిన మలుపును ప్రభుత్వ బకాయే మూసేసిందన్నమాట. చదువుకు డబ్బిచ్చే పథకం చదువు మారడానికి అడ్డం పడటం కన్నా విడ్డూరం లేదు. దీన్ని సరిచేయడానికి వేల కోట్లు ఒకేసారి అక్కర్లేదు. బకాయి ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య అప్పు, విద్యార్థికి దానితో సంబంధం లేదని శాసనం చేసి, మార్కుల మెమోలు డిజిటల్ రూపంలో బోర్డు నుంచే నేరుగా పై కాలేజీకి చేరేలా చూస్తే చాలు. అందుకు కావాల్సిన సాంకేతిక ఏర్పాట్లు ఎప్పుడో ఉన్నాయి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని పక్కకు నెట్టి ముందుకు పోవడం నిజాయితీ అనిపించుకోదు. ‘ఇతర దారులు’ అన్నప్పుడల్లా అవి ఎవరి పిల్లల కోసం? ఐటీఐ గురించి వేదిక మీద గొప్పగా మాట్లాడే మంత్రి, అధికారి, సంపాదకుడు తమ పిల్లల్ని అక్కడికి పంపరు. దళిత, బీసీ, మైనారిటీ, ఆదివాసీ పిల్లలకు పనిముట్లు, పై కులాల పిల్లలకు ల్యాప్‌టాప్‌లు అన్న పాత ఏర్పాటుకే ఇది కొత్త పేరు కాదా? ఈ అనుమానానికి చరిత్ర ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం బడిని పూటకు కుదించి, మిగతా పూట పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్న పథకం తెచ్చింది. అది కులవృత్తుల చదువు అన్న తీవ్ర వ్యతిరేకత మధ్య ఆయన పదవి వదులుకోవాల్సి వచ్చింది, 1954లో పథకమూ పోయింది. ఆ వ్యతిరేకత సరైనదే. అది పిల్లవాణ్ని పుట్టిన ఇంటికే కట్టేసే పథకం, దానిలో పైకి పోయే మెట్టు లేదు. ఈ అభ్యంతరానికి జవాబు ఐటీఐని పొగడటంలో దొరకదు, ఐటీఐకి పైమెట్లు కట్టడంలో ఉంది. మలుపులేని నైపుణ్య విద్య కులవ్యవస్థకు కొత్త రంగు పూయడమే. మలుపున్న నైపుణ్య విద్య మాత్రం పద్దెనిమిదేళ్లకే నాలుగు రాళ్లు సంపాదిస్తూ, ఇరవై మూడుకు ఇంజినీరింగ్‌లోకి వెళ్లగలిగే దారి. ఇంట్లో ఇంకో ఆదాయం లేని పిల్లవాడికి ఇంటర్, బీటెక్ కలిపి వరసగా ఆరేళ్లు జీతం లేకుండా చదవమని చెప్పడం కన్నా అదే న్యాయమైన దారి. పై కులాల పిల్లలు ఆ దారిలోకి ఎప్పుడొస్తారంటే, అక్కడినుంచి వెనక్కీ పైకీ రాగలమని నమ్మకం కుదిరినప్పుడు. అప్పటిదాకా ఏ ప్రచారమూ పనిచేయదు.

జాతీయ విద్యా విధానం 2020 పత్రంలోని ఒక పోలిక తరచూ వినబడుతుంది: 19-24 ఏళ్ల శ్రామికుల్లో పద్ధతి ప్రకారం వృత్తి విద్య పొందినవారు భారత్‌లో 5 శాతానికి లోపు, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతం. దీన్ని చూపించి జర్మనీని అనుకరిద్దాం అనేవాళ్లు అక్కడి పిల్లల్ని చాలా రాష్ట్రాల్లో పదేళ్లకే వేర్వేరు బడులకు విడగొడతారన్న సంగతి చెప్పరు. మనకు పదిహేనేళ్లకే తొందరగా ఉంది, పదేళ్లకు దించమందామా? నేర్చుకోవాలంటే పక్కనున్న స్విట్జర్లాండ్‌ను చూడటం నయం. అక్కడ నిర్బంధ విద్య తర్వాత దాదాపు మూడింట రెండొంతుల మంది అప్రెంటిస్‌షిప్ దారిలోకే వెళ్తారు, బ్యాంకుల్లోనూ ఆస్పత్రుల్లోనూ అప్రెంటిస్‌లుగా చేరేవాళ్లతో సహా. 1990లలో వాళ్లు చేసిన పని, వృత్తి విద్యలోంచే ఉన్నత విద్యకు అర్హత ఇచ్చే పరీక్ష ఒకటి పెట్టడం, దాన్ని అందుకోవడానికి అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయాలు నెలకొల్పడం. వృత్తి విద్య పరువు నిలిచింది డబ్బు వల్లే కాదు, దానికి పైకప్పు లేకపోవడం వల్ల. చిన్న దేశం, ధనిక దేశం, మనకెలా కుదురుతుందంటారా? ఫ్యాక్టరీలు, యంత్రాలు, వాళ్లిచ్చే జీతాలు మనకు కుదరవు. పైమెట్టుకు తలుపు పెట్టడం కుదురుతుంది, అది ఎక్కువగా కాగితం పని.

మరో అభ్యంతరం కోచింగ్ గదుల్లోంచి వస్తుంది. దృష్టి చెదిరితే ర్యాంకు రాదు, రెండో దారి గురించి ఆలోచిస్తే మొదటి దారిలో ఓడిపోతావు అంటారు. ఏరు దాటాక తెప్ప తగలేయడం మన సామెత. మన పిల్లలకు ఏరు దాటకముందే తగలేయమని నేర్పుతున్నాం. ఏకాగ్రత విలువైనదే. కానీ అంకెలు చూడండి. 2024లో నీట్ రాసినవారు 23 లక్షల పైచిలుకు, దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు దాదాపు లక్షా పదివేలు. అదే ఏడాది ఐఐటీలన్నింటిలో సీట్లు 17,740. ఎంత ఏకాగ్రతతో చదివినా వందకు తొంభై ఐదు మంది ఎంబీబీఎస్ బయటే ఉంటారు. అది వాళ్ల లోపం కాదు, సీట్ల లెక్క. తొంభై ఐదు మందికి జరగబోయేది తెలిసీ ఐదుగురికి జరిగేదాన్నే అందరికీ ప్రణాళికగా ఇవ్వడాన్ని ఏకాగ్రత అనలేం. పైగా లాంగ్‌టర్మ్ పేరుతో ఒక ఏడాది, మళ్లీ ఇంకో ఏడాది అదే పరీక్షకు కూర్చునే పిల్లవాడు అంతలో నర్సింగ్‌లోనో, ఫార్మసీలోనో, ల్యాబ్ టెక్నాలజీలోనో రెండో ఏడాదికి వచ్చి ఉండేవాడన్న లెక్క ఎవరూ వేయరు. ఒక పరీక్ష తప్ప ఇంకేమీ లేదని పిల్లల్ని నమ్మించడం ఎంత ప్రమాదకరమో 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత చూశాం. ఇరవై మంది దాకా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల నమోదులో సాంకేతిక లోపాల మీద విచారణ జరిగింది, జరగాల్సిందే. ఆ పిల్లలకు జూన్‌లో మరో పరీక్ష, దాని పక్కన మరో దారి ఉన్నాయన్న మాట ఎందుకు చేరలేదన్నది ఏ కమిటీ విచారణకూ రాలేదు.

మలుపులన్నీ చివరికి బీటెక్ వైపే తిరుగుతాయి కదా, పాలిటెక్నిక్‌లు ఇంజినీరింగ్‌కు దొడ్డిదారి అయిపోయాయి కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. చాలావరకు నిజం. డిప్లొమా పూర్తిచేసి వెంటనే పనిలో చేరేవాళ్లు తగ్గిపోయారని పరిశ్రమలవాళ్లు వాపోతుంటారు. దానికి కారణం మలుపు ఉండటం కాదు, ఒక్కటే ఉండటం. డిప్లొమా తర్వాత పనిలో చేరి మూడేళ్లకు మళ్లీ చదవాలనుకునేవాడికి సాయంత్రం తరగతుల్లో బీటెక్ చదివే చోట్లు కొద్దిగానే ఉన్నాయి. పని అనుభవానికి క్రెడిట్లు ఇచ్చే కాలేజీ కనబడదు. 2021లో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో చదివిన క్రెడిట్లను దాచుకోవచ్చన్నారు. లాలాగూడ వర్క్‌షాపులో ఏడాది పనిచేసిన అప్రెంటిస్‌కు ఆ ఖాతాలో ఎన్ని క్రెడిట్లు పడతాయో, ఏ కాలేజీ వాటిని లెక్కలోకి తీసుకుంటుందో అడిగి చూడండి. చదువు ఆపి పనికి పోవడం ఇక్కడ ఒకేసారి తీసుకునే నిర్ణయం, వెనక్కి రాలేం. అందుకే ఎవరూ ఆపరు. అవసరంతో సంబంధం లేకుండా ఒక పై తరగతి నుంచి ఇంకో పై తరగతికి పోతూనే ఉంటారు. తిరిగి రావడం సులువైతే బయటికి వెళ్లడం కూడా సులువవుతుంది.

ఇలాంటి తలుపును తెలుగువాళ్లు దేశంలో అందరికన్నా ముందు కట్టిన సంగతి మరిచిపోయాం. 1982లో హైదరాబాద్‌లో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ, ఇప్పటి అంబేద్కర్ వర్సిటీ. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది. గుమాస్తాలు, కానిస్టేబుళ్లు, గృహిణులు, ఆర్టీసీ కండక్టర్లు అక్కడ పట్టభద్రులయ్యారు. దాన్ని నడిపిన జి. రామ్‌రెడ్డినే 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా తీసుకెళ్లారు. ఇటీవల తెలంగాణ ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టింది, 2024లో మల్లేపల్లిలో దానికి శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకీ పునాది పడింది. రోబోలు, సీఎన్‌సీ యంత్రాలు, త్రీడీ ప్రింటర్లు వస్తున్నాయి. మంచిదే. యంత్రాల జాబితాతో పాటు ఇంకో జాబితా కూడా ఏటా గోడకు అంటించాలి. మూడేళ్ల కిందట ఈ ట్రేడ్‌లో చేరినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు, ఎందరు పనిలో ఉన్నారు, ఎంత జీతానికి, ఎందరు పాలిటెక్నిక్‌లోకి, ఎందరు బీటెక్‌లోకి వెళ్లారు? ఈ లెక్క ఐటీఐలకూ, పాలిటెక్నిక్‌లకూ, జూనియర్ కాలేజీలకూ ఒకేలా వర్తించాలి. కార్పొరేట్ కాలేజీలు ర్యాంకులు వచ్చిన పదిమంది ఫొటోలు హోర్డింగుల మీద వేస్తాయి. మిగతా వేలమంది ఏమయ్యారో ఏ హోర్డింగూ చెప్పదు. పది పాసైన పిల్లవాడి తల్లికి అవసరమైన సమాచారం ఆ మిగతా వేలమంది గురించినదే.

నోటిఫికేషన్ల సంగతి కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. ప్రభుత్వం ఏ పరీక్ష ఏ నెలలో జరుపుతుందో, ఆలస్యమైతే వయోపరిమితి తనంతట తానే ఎంత పెరుగుతుందో ముందే చెప్పి దానికి కట్టుబడితే, ఎదురుచూపు ఎంతకాలమో కుటుంబానికి తెలుస్తుంది. ఎంతకాలమో తెలిసిన ఎదురుచూపు మధ్యలో ఒక ట్రేడ్ నేర్చుకోవచ్చు. తెలియని ఎదురుచూపులో ఏదీ నేర్చుకోలేం, రేపే నోటిఫికేషన్ రావచ్చు కదా. అగ్నిపథ్ విషయంలో ఆందోళన చెలరేగాక, సికింద్రాబాద్ ఘటనకు ముందు రాత్రి, ఆ ఏడాదికి మాత్రం గరిష్ఠ వయసును 21 నుంచి 23కు పెంచారు. రెండేళ్లుగా నియామకాలు ఆగిపోయినప్పుడే ఆ పని చేసి, పాత పద్ధతిలో సగం దాటినవాళ్ల సంగతి తేల్చి ఉంటే ఎలా ఉండేదో ఊహించడం కష్టమేమీ కాదు.

ఆ రోజు తర్వాత పదుల సంఖ్యలో యువకులు అరెస్టయ్యారు. విధ్వంసంలో పాల్గొనలేదని ప్రతి అభ్యర్థీ హామీ ఇవ్వాలని, పోలీసు పరిశీలన ఉంటుందని సైన్యం రెండు రోజుల్లోనే ప్రకటించింది. కేసులున్నవాళ్లకు ఆ దారి అక్కడితో మూసుకుపోయింది. కేసులు లేనివాళ్లలోనూ చాలామందికి వయసు దాటిపోయింది. ఆ స్టేషన్ నుంచి మల్లేపల్లి ఐటీఐ పది కిలోమీటర్ల లోపే. అక్కడ చేరడానికి కనిష్ఠ వయసు 14 ఏళ్లు, గరిష్ఠ పరిమితి లేదు. ఆ మాట ప్రవేశాల నోటిఫికేషన్‌లో ఏటా ఉంటుంది, అర్హతల కింద, చిన్న అక్షరాల్లో.